పాత ఆర్కేడ్ వన్ అప్ మెషీన్ 180 డాలర్లకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది?

ఫ్రిస్కో_శీను:

అందరికీ నమస్తే. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆన్‌లైన్‌లో పాత సామాను అమ్ముకునే మార్కెట్‌ప్లేస్‌లో కొన్నాళ్లుగా ఈ హోమ్ ఆర్కేడ్ మెషీన్లు, అంటే ఒకప్పటి వీడియో గేమ్ షాపుల్లోలా నిలబడి ఆడే పెట్టెలు, ఇంటికోసం చేసినవి, చూస్తున్నాను, చూసేకొద్దీ కన్‌ఫ్యూజన్ పెరుగుతోంది తప్ప తగ్గట్లేదు. వడపోసి మూడు దగ్గర ఆగాను. ఒకటి ఆర్కేడ్ వన్ అప్ వాళ్ల ప్యాక్‌మ్యాన్, కింద రైజర్‌తో (ఎత్తు పెంచే పీట) కలిపి 180 డాలర్లు, మొదట్లో వచ్చిన మోడల్ అంటున్నాడు. రెండోది అదే కంపెనీ స్ట్రీట్ ఫైటర్ 2, 150 చెప్తున్నాడు, కానీ లోపల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టించి "పది వేల గేములు" అని రాశాడు. మూడోది ఏటీగేమ్స్ లెజెండ్స్ అల్టిమేట్, ఫుల్ సైజు, 400.

నాకు కావాల్సింది రెండే విషయాలు. ఇవి నాలుగు కాలాలపాటు నిలిచే సరుకేనా, లేక చెక్కపొట్టుతో చేసిన డబ్బాలా? రెండోది, మా ఆవిడ పెట్టిన కండిషన్: మోజు తీరాక అమ్మితే పెట్టినదాంట్లో ఎంతో కొంత వెనక్కి రావాలి. అపార్ట్‌మెంట్ మారినప్పుడల్లా దీన్ని మోసుకు తిరగలేమని ముందే చెప్పేసింది, అదీ నిజమే. చిన్నప్పుడు నెల్లూరులో స్కూలు ఎగ్గొట్టి రూపాయి బిళ్లలతో ముస్తఫా వీడియో గేము ఆడిన బ్యాచ్ కాబట్టి మనసు ఒకవైపు లాగుతోంది, కానీ ఆ మోజులో డబ్బులు తగలెయ్యకూడదు కదా. కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

ప్లేనో_బాబాయ్:

శీనూ, ముందు ధర సంగతి చూద్దాం. ఎక్కువమంది బోల్తా కొట్టేది అక్కడే.

మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లంతా "కొత్తది 400, నేను 250కే ఇస్తున్నా" అంటారు. ఆ 400 అనే అంకెని అసలు పట్టించుకోకు. ఈ మెషీన్లు 2018లో మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒక్కోటి 300 నుంచి 400 మధ్య ఉండేవి, నిజమే. కానీ పండగ సీజన్ అయిపోగానే వాల్‌మార్ట్ లాంటి చోట్ల సరుకు మిగిలిపోయి క్లియరెన్స్‌లో సగం ధరకి పోయాయి. అప్పట్నుంచీ ఇదే వరస, కొత్త మోడల్ రావడం, పండగలకి అమ్మడం, మిగిలింది తగ్గించి వదిలించుకోవడం. కాబట్టి పాతదానికి ధర కట్టేటప్పుడు "సీల్ తియ్యని కొత్తది ఎప్పుడైనా ఎంత తక్కువకి దొరికింది" అని చూడాలి. అంతకన్నా కింద ఉంటేనే పాతది కొనడంలో అర్థం ఉంది. లేకపోతే ఇంకో రెండు నెలలు ఆగి కొత్తదే తెచ్చుకోవచ్చు.

ఇంకో మాట. మార్కెట్‌ప్లేస్‌లో కనిపించేవి అడిగిన ధరలు, అమ్ముడైన ధరలు కావు. ఒకే మెషీన్ నెలల తరబడి అదే ధరతో వేలాడుతుంటే ఆ ధరకి ఎవరూ కొనట్లేదనే కదా. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి చూడు. అయితే అక్కడ కూడా షిప్పింగ్ ఎంత పడిందో గమనించు, ఎందుకంటే జనం చచ్చేది ఈ షిప్పింగ్ దగ్గరే. ఇంత పెద్ద పెట్టెని పార్శిల్ చేస్తే వచ్చే లాభం కాస్తా రవాణాకే పోతుంది. అందుకే ఇది లోకల్ వ్యాపారం. డాలస్ చుట్టుపక్కల అమ్మేవాళ్లు ఎక్కువ కాబట్టి కొనేటప్పుడు నీకు మంచిదే, అమ్మేటప్పుడు మాత్రం ఆ పోటీలో నువ్వూ నిలబడాలి.

180కి రైజర్‌తో ప్యాక్‌మ్యాన్ అంటే అన్యాయమేం కాదు, కానీ 120 దగ్గర బేరం మొదలుపెట్టు. ప్యాక్‌మ్యాన్‌లో ఎన్ని రకాలు వదిలారో లెక్కే లేదు, దొరకని వస్తువేం కాదది.

నట్టు_బోల్టు:

బాబాయ్ చెప్పిన ధరల సంగతికి తిరుగు లేదు, నేను నాణ్యత గురించి చెప్తాను. నేను వీకెండ్స్‌లో ఇవి విప్పి బాగుచేస్తుంటాను, ఫ్రెండ్స్‌కీ, ఫ్రెండ్స్ ఫ్రెండ్స్‌కీ.

ఆర్కేడ్ వన్ అప్ మామూలు మోడళ్లన్నీ అసలు ఆర్కేడ్ మెషీన్‌లో ముప్పావు సైజు. రైజర్ లేకపోతే నాలుగడుగులు కూడా ఉండదు, పిల్లలకి సరిపోతుంది, పెద్దవాళ్లు కుర్చీ వేసుకోవాలి. బాడీ అంతా ఎమ్‌డీఎఫ్, అంటే చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక, పైన ప్రింటు వేస్తారు, స్క్రీన్ 17 అంగుళాల ఎల్‌సీడీ, 1280 బై 1024, అంటే ఒకప్పుడు ఆఫీసుల్లో ఉండే చదరపు మానిటర్ల బాపతు. గేములు నడిపే బోర్డు, స్క్రీన్ సాధారణంగా అంత తొందరగా పోవు. పోయేవి వేరే.

మొదటిది కంట్రోల్ ప్యానెల్ (జాయ్‌స్టిక్, బటన్లు ఉండే పలక) మీద బొమ్మ. తొలి మోడళ్లలో దాని మీద ప్లాస్టిక్ షీటు ఉండేది కాదు, తర్వాత గొడవ ఎక్కువై ప్రొటెక్టర్ ఇవ్వడం మొదలుపెట్టారు. నువ్వు చూస్తున్నది మొదట్లోది అంటున్నావు కాబట్టి ఫోటోలో ఎడమ చెయ్యి ఆనే చోటు దగ్గరగా తీసి పంపమను. జాయ్‌స్టిక్ చుట్టూ, బటన్లకి కింద మణికట్టు రాసుకునే చోట రంగు లేచి తెల్లగా కనిపిస్తోందంటే బాగా వాడిన మెషీన్ అని అర్థం. అది ఆటకి అడ్డం కాదు గానీ తిరిగి అమ్మేటప్పుడు అందరూ ముందు చూసేది అదే, బేరం మొదలయ్యేదీ అక్కడే.

రెండోది కింద అంచులు. ఎమ్‌డీఎఫ్‌కి నీళ్లంటే పడదు. గరాజ్‌లో పెట్టారో, కార్పెట్ షాంపూ చేసినప్పుడు తీయలేదో, అడుగు అంచులు తడిసిన బిస్కెట్‌లా ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బితే ఇక మామూలు కాదు. వెళ్లినప్పుడు మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ లైటు వేసి నాలుగు మూలలూ చూడు, గోరుతో నొక్కు, మెత్తగా దిగబడితే వెనక్కి వచ్చెయ్.

మూడోది స్క్రూలు. ఇది విడిభాగాలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే సరుకు. ఒకసారి బిగించి వదిలేస్తే ఏళ్ల తరబడి గట్టిగానే ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగిస్తే మాత్రం ఎమ్‌డీఎఫ్‌లో స్క్రూ పట్టు పోతుంది. అందుకే ఎన్నిసార్లు విప్పారని అడుగు, రెండు చేతులతో పైభాగం పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు. కొద్దిగా కదలడం సహజం, కిర్రుకిర్రుమంటే సహజం కాదు.

నాలుగోది జాయ్‌స్టిక్, బటన్లు. ఇది మాత్రం కరెంటు పెట్టి ఆడితే తప్ప తెలియదు. "ప్లగ్ పాయింట్ దగ్గర్లో లేదు, కానీ పని చేస్తుంది" అనే మనిషి దగ్గర కొనకు, అంతే. ప్యాక్‌మ్యాన్‌లో స్టిక్ బాగుందో లేదో మూలల దగ్గర తెలిసిపోతుంది. ఆ గేముకి నాలుగు దిక్కులే తిరిగే స్టిక్ కావాలి, తొలి మోడళ్ల మీద అందరి కంప్లైంటూ అదే, ఎనిమిది దిక్కులకీ తిరుగుతూ మలుపుల దగ్గర మన మాట వినదు. స్ట్రీట్ ఫైటర్ అయితే హడోకెన్ (స్టిక్ తిప్పి బటన్ నొక్కితే వచ్చే నిప్పుబంతి దెబ్బ) రెండు వైపుల నుంచీ వేసి చూడు, ఒకవైపు పడి ఇంకోవైపు పడకపోతే స్విచ్ ఒకటి పోతోందన్నమాట. అయితే ఇవి చూసి భయపడిపోకు, సాన్వా కంపెనీ స్టిక్కులు, 30 మిల్లీమీటర్ల బటన్లు విడిగా దొరుకుతాయి, స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే ఒక మధ్యాహ్నం పని. ఆ ఖర్చు మాత్రం బేరంలో తగ్గించుకో.

స్క్రీన్ కూడా చూడు. నిలువు స్క్రీన్ ఉన్న మోడళ్లలో కాస్త పక్క నుంచి చూస్తే రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. అది పాడవడం కాదు, ఆ ప్యానెల్ అంతే. ఇద్దరు పక్కపక్కన నిలబడి చూస్తే ఎలా ఉందో చూసుకోండి.

బిళ్ల_వెయ్:

ముప్పావు సైజు బొమ్మలు ఎందుకు అన్నా, కొంటే 1980ల నాటి ఒరిజినల్ ప్యాక్‌మ్యాన్ కొను, దాని ధర ఎక్కడికీ పోదు 😄

ప్లేనో_బాబాయ్:

@బిళ్ల_వెయ్ పోదు, నిజమే, మంచి కండిషన్‌లో ఉన్నది వేలల్లో పలుకుతుంది. కానీ దాని బరువు వంద కిలోల పైమాటే, రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌కి ఎక్కించేది ఎవరు? పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) పోయిందంటే బాగుచేసేవాడి కోసం ఊరంతా వెతకాలి, మూత తీసి మనం వేలు పెట్టామా, స్విచ్ ఆపినా లోపల హై వోల్టేజ్ నిలిచే ఉంటుంది. శీను అడిగింది అది కాదు లేవయ్యా.

లత_ఆస్టిన్:

శీను గారూ, మేము రెండు కొని ఒకటి అమ్మాం కాబట్టి అమ్మే వైపు నుంచి చెప్తాను.

కొనడానికి వచ్చేవాళ్లలో ఎవరూ లోపల ఏ చిప్ ఉందో అడగలేదండీ. పక్కన బొమ్మ చూసి వస్తారు. నింజా టర్టిల్స్, సింప్సన్స్, ఎన్‌బీఏ జామ్ లాంటి నలుగురు ఆడేవాటికి ఫోన్లు ఎక్కువ వస్తాయి, ధర కూడా కాస్త నిలబడుతుంది. పుట్టినరోజు పార్టీ ఉందనో, ఆఫీస్ బ్రేక్ రూమ్‌కి అనో, గేమ్ రూమ్ కొత్తగా కట్టించామనో వస్తారు. ఇద్దరు ఆడే మామూలు మోడల్‌కి అంత గిరాకీ ఉండదు. ఒంటరిగా ఆడే ప్యాక్‌మ్యాన్‌కి పేరుంది, అందరికీ తెలుసు, కాబట్టి అమ్ముడవుతుంది, కానీ ఎక్కువ పలకదు.

కాగితాలు, అట్టపెట్టె, పైన వెలిగే మార్కీ (గేము పేరు బోర్డు), స్టూలు వస్తే స్టూలు, ఏదీ పారెయ్యకండి. అన్నీ ఉన్న మెషీన్‌కి, "అడాప్టర్ ఎక్కడో పోయింది, అమెజాన్‌లో వేరేది కొన్నాం" అనేదానికి చాలా తేడా. పెట్టె దాచుకునే చోటు లేకపోతే కనీసం స్క్రూల సంచీ, మాన్యువల్ వెనక తలుపు లోపలి వైపు టేపుతో అంటించి పెట్టుకోండి. మేము అలాగే చేశాం.

మీ లిస్టులో మూడోదాని గురించి. లెజెండ్స్ అల్టిమేట్ 24 అంగుళాల స్క్రీన్, ట్రాక్‌బాల్ (చేత్తో దొర్లించే బంతి), స్పిన్నర్లు (తిప్పే బిరడాలు), వందల గేములు, వాడుకోవడానికి ఈ మూడింట్లో అదే మేలు. నిలబడి ఆడొచ్చు, నడుం నొప్పి ఉండదు. కాకపోతే ఆ వందల గేముల్లో ఆర్కేడ్‌వే కాకుండా పాత కన్సోల్ గేములు కూడా కలిపేశారు, మీరు అనుకున్న గేము ఉందో లేదో లిస్టు చూసుకోండి. అమ్మేటప్పుడు ఇబ్బంది ఏమిటంటే దాని మీద ఎవరికీ తెలిసిన బొమ్మ ఉండదు. తెలిసినవాళ్లు ఎగబడి కొంటారు, తెలియనివాళ్లు దాటి వెళ్లిపోతారు. కొనే మనిషి కోసం ఎదురుచూడాలి.

ఒక జాగ్రత్త: ఆన్‌లైన్ స్టోర్ నుంచి గేములు కొనుక్కుని దింపుకునే రకం మెషీన్ ఏదైనా సరే, ఆ కొన్న గేములు ఎవరి అకౌంట్‌లో ఉన్నాయో, చేతులు మారాక ఉంటాయో పోతాయో కనుక్కోండి. ఐఐఆర్కేడ్ అని ఒకటి ఉండేది, గట్టి సరుకే, బాగా మెచ్చుకునేవాళ్లు, కంపెనీ మూతపడింది. చెక్క, స్క్రీన్ అన్నీ బ్రహ్మాండంగా ఉన్నా, వెనక సర్వర్ లేకపోతే ధర ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆ లెక్కన పాత ప్యాక్‌మ్యాన్ లాంటిదే నయం, ప్లగ్ పెడితే ఆడుతుంది, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ఫ్రిస్కో_శీను:

అబ్బో, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మరి ఆ రాస్ప్‌బెర్రీ పై ఉన్న స్ట్రీట్ ఫైటర్? పది వేల గేములు 150కి అంటే చూడ్డానికి బేరం లాగే ఉంది. ముస్తఫా కూడా ఉందంటున్నాడు, మొహమాటం లేకుండా చెప్తున్నా, నన్ను పడేసింది అదే.

నట్టు_బోల్టు:

ముస్తఫా అంటే కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993. మన దగ్గర ఆ పసుపు టోపీ వాడి పేరే గేము పేరైపోయింది, అసలు పేరు చెప్తే ఎవరికీ తెలియదు. లైసెన్సుతో ఇంటికి అమ్మే క్యాబినెట్లలో అది నా కంట పడలేదు, అందుకే మనవాళ్లు ఇలాంటి మార్చిన మెషీన్లకి పడిపోతారు.

మార్చినదాని మీద నా అభిప్రాయం: నీ చేత్తో నువ్వు మార్చుకుంటే బంగారం, ఎవరో మార్చింది కొంటే లాటరీ. మెమరీ కార్డు పోయిందనుకో, ఆ సెట్టింగులన్నీ మళ్లీ పెట్టేది ఎవరు? వైర్లు ఎలా కలిపాడో, టేపు చుట్టి వదిలేశాడో, వెనక తలుపు తీసి చూడకుండా చెప్పలేం. ఆ పది వేలలో సగం ఒకే గేముకి రకరకాల వెర్షన్లు ఉంటాయి, ఇంకొన్ని తెరుచుకోవు. పైగా ఆ గేములకి ఎవరూ లైసెన్స్ ఇవ్వలేదు, అది వేరే సంగతి.

అమ్మే విషయానికొస్తే, మార్చడానికి పెట్టిన ఖర్చు వెనక్కి రాదు. తెలిసినవాడు "నేనే చేసుకుంటా, దానికి డబ్బులెందుకు ఇవ్వాలి" అంటాడు, తెలియనివాడు భయపడతాడు. ఒక్కటి అడుగు: అసలు బోర్డు దాచాడా? దాచి, దాంతో కలిపి ఇస్తానంటే 150కి తప్పకుండా ఆలోచించొచ్చు, ఎందుకంటే అమ్మే రోజున పాత బోర్డు పెట్టేసి మామూలు మెషీన్‌గా అమ్ముకోవచ్చు. పారేశానంటే 90 దాటి ఇవ్వకు.

హైదరాబాద్_హరి:

మధ్యలో దూరుతున్నా, సారీ. మా బావ న్యూజెర్సీ నుంచి వచ్చేస్తూ కంటైనర్‌లో ఇలాంటిది ఒకటి వేసుకురావాలా అని అడుగుతున్నాడు. ఇక్కడ అమ్మితే మంచి ధర వస్తుందంటారా?

నట్టు_బోల్టు:

హరీ, ఎలాగూ సామాను కంటైనర్‌లో వస్తుంటే, చోటుంటే వేసుకోమను, అమ్ముకోవడం కోసమైతే వద్దు. అడాప్టర్ మీద ఇన్‌పుట్ దగ్గర 100-240 అని రాసుందేమో చూడమను, ఉంటే ప్లగ్ మారిస్తే చాలు, 120 అని మాత్రమే ఉంటే మన 230కి పెట్టగానే పొగ వస్తుంది. హైదరాబాద్‌లో ఫర్వాలేదు గానీ విజయవాడ, వైజాగ్ తేమకి ఎమ్‌డీఎఫ్ ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు నమ్మకం లేదు. స్పేర్ పార్టులూ అక్కడ దొరకవు. అసలు అక్కడైతే మంచి వడ్రంగికి కొలతలిచ్చి ప్లైవుడ్‌తో చేయించుకుంటే దీనికన్నా గట్టిగా ఉంటుంది. లోపలికి పాత మానిటర్, పండోరా బాక్స్ లాంటి, గేములు ముందే ఎక్కించి అమ్మే బోర్డు కిట్ సరిపోతాయి.

ఫ్రిస్కో_శీను:

అప్‌డేట్. స్ట్రీట్ ఫైటర్ వాణ్ని బోర్డు అడిగాను, "ఏ బోర్డు" అన్నాడు. అక్కడితో దండం పెట్టేశాను. లెజెండ్స్ అల్టిమేట్ నిన్ననే వెళ్లిపోయిందట. ప్యాక్‌మ్యాన్ చూసొచ్చాను. కింద అంచులు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కసారే బిగించారట, ఊపితే కదల్లేదు. ప్యానెల్ మీద జాయ్‌స్టిక్‌కి ఎడమ పక్కన అర్ధరూపాయి బిళ్లంత మేర రంగు పోయింది. స్టిక్ మాత్రం మీరన్నట్టే, పైకి తిప్పితే పక్కకి పోయి రెండుసార్లు దయ్యాలకి దొరికిపోయాను. అవన్నీ చూపించి 120 అన్నాను, 140కి ఒప్పుకున్నాడు. అడాప్టర్, మాన్యువల్, రైజర్ అన్నీ ఉన్నాయి, అట్టపెట్టె లేదు.

140కి ఓకేనా? ఇంకో సందేహం, నాది క్యామ్రీ కారు, రైజర్ విడిగా తీసేస్తే పడుతుందా?

లత_ఆస్టిన్:

140కి తీసుకోండి శీను గారూ. రెండేళ్ల తర్వాత వందకి అమ్మినా మీ ఆవిడ ఏమీ అనరు.

ప్లేనో_బాబాయ్:

ఓకే, తీసుకో. ఇంకో ఇరవై కోసం ఆగితే వేరేవాడు ఎగరేసుకుపోతాడు. ముందు మాత్రం స్టిక్ మార్చకుండా వారం ఆడి చూడు, ఎవరికి తెలుసు, అలవాటైపోవచ్చు.

క్యామ్రీలో పట్టదు, డిక్కీ నోరు చిన్నది. కారులో పట్టించాలని దాన్ని విప్పకు, స్క్రూ పట్టు సంగతి నట్టు_బోల్టు పైన చెప్పాడుగా. ఎవరిదైనా సియెన్నానో ఒడిస్సీనో, అలాంటి మినీవ్యాన్ అడుగు, వెనక సీట్లు మడిచేసి వీపు కిందికి, స్క్రీన్ పైకి వచ్చేలా పడుకోబెట్టు. జాయ్‌స్టిక్ మీద బరువు పడకూడదు, కింద దుప్పటి వెయ్యి. శనివారం పొద్దున అయితే నా సియెన్నా ఖాళీనే, మెసేజ్ పెట్టు.

ఫ్రిస్కో_శీను:

మెసేజ్ పెట్టాను బాబాయ్.